బహిరంగ వేలము, చాటు బేరము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో జరిగిన ఉపన్యాసము)



పూర్వము పశువుల సంతలలో తువ్వాలు చాటున వ్రేళ్లు పట్టి బేరము కుదుర్చుకొనెడివారు. ఆ ధర ప్రక్కవానికి తెలియదు. మలక్‌పేట మార్కెట్ యార్డులోనో, ఉల్లిగడ్డలకు బహిరంగముగా వేలము పాడుదురు. ఎవని రాశి ఎంతకు పోయెనో అందరును విందురు. రైతునకు అదియే రక్ష.

నేడు ఆ తువ్వాలు ఫోను రూపమున మరల వచ్చినది. మలక్‌పేట నుండి ఎల్.బి.నగర్‌కు బండి పిలుచువాని పూర్వ ప్రయాణములు, వేళ, ఫోను రకము కంపెనీ యంత్రమున కెరుకపడగల సంగతులు. బండి నడుపువాని కిరాయిని కట్టునదియు ఆ యంత్రమే. లెక్క కట్టిన తీరు ఇరువురికిని తెలియదు. ఫోనును బట్టి ధర మారుచున్నదను ఫిర్యాదులపై 2025 జనవరిలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఓలా, ఉబర్‌లను సంజాయిషీ యడిగెను. అవి ఆరోపణను కాదనినవి. నిజమేదో ప్రయాణికుడు తానై తేల్చుకొనలేకపోవుటయే అసలు చిక్కు.

2023 నాటి వ్యక్తిగత డేటా చట్టము సమ్మతి నడుగుమన్నది గాని, ధర కట్టిన తీరు చెప్పుమనలేదు. వ్యక్తిగత సమాచారముతో యంత్రము ధర నిర్ణయించినచో ఆ మాట కొనువానికి తెలుపవలెనని అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రము 2025లో శాసించెను. అదే యేట కర్ణాటక చట్టమును, తెలంగాణ ముసాయిదాయును యంత్రవిధానమును పనివారికి తెలుపవలెనన్నవి.

తెలుపుట మొదటి మెట్టు మాత్రమే. ఒకని యక్కరను కొలిచి ధర హెచ్చించుటయు, వేరొకని లేమిని కొలిచి కూలి తగ్గించుటయు నిషిద్ధములు కావలెను. చిట్టా చూపనివాని లెక్కను ఏ యూరును ఒప్పుకొనలేదు, ఇప్పుడును ఒప్పుకొనరాదు.