ఎవరింట్లో?



మాకు చరిత్ర చెప్పిన మాస్టారి పేరు మీద మాట్లాడమని పిలుపు వచ్చినప్పుడు ముందు భయం వేసింది. ఆయన ఎదుట పది నిమిషాలు నిరాటంకంగా మాట్లాడిన విద్యార్థి మా తరంలో లేడు. "1920ల్లో అమెరికా జనం..." అని ఎవరు మొదలెట్టినా కళ్లజోడు పైకి తోసుకుని ఒకటే అడిగేవారు: "ఎవరింట్లో, నాయనా?" ఈ ఉపన్యాసం ఆ ప్రశ్నకి ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

అమెరికా అంతర్యుద్ధం, బానిసత్వ రద్దు, రైలుమార్గాలు, వలస ఓడలు: ఇవి ఈ సభకి నేను చెప్పాల్సినవి కావు. 1870ల నుంచి 90ల దాకా సుంకాల తగాదాలూ, వెండి నాణేల తగాదాలూ. వాటికి జీవితం ధారపోసిన మిత్రులు ముందు వరసలోనే ఉన్నారు, మన్నించాలి. నాకు ఆ కాగితాలు తిరగేస్తే ఆవులింతలు వస్తాయి. అక్కడినుంచి రెండు సంగతులు మాత్రం తీసుకుంటాను. 1894కల్లా బెల్ టెలిఫోన్ మూల పేటెంట్ల గడువు తీరిపోయింది. 1896లో రైతు గడప దగ్గరికే ఉత్తరాలు తెచ్చే తపాలా మొదలైంది.

పేటెంట్ పోగానే పల్లె రైతులు తామే చందాలు వేసుకుని స్తంభాలు పాతి ఫోన్ తీగలు లాక్కున్నారు. కొన్నిచోట్ల ఆ ఖర్చూ లేదు, పొలం చుట్టూ ఉన్న ముళ్లకంచె తీగే ఫోన్ తీగ అయింది. పదిళ్లకి ఒకే లైను. ఏ ఇంటికి ఎన్ని గంటలో గుర్తు ఉండేది, కానీ ఎవరికి మోగినా అందరూ ఎత్తి వినేవాళ్లు. ఎడతెగకుండా మోగితే ఊరందరికీ కబురు: ఎక్కడో నిప్పంటుకుంది, లేదా గాలివాన వస్తోంది.

ఇక నా దశాబ్దం. 1920 జనాభా లెక్కల్లో మొదటిసారి పట్టణవాసులు సగం దాటారు, సుమారు 51 శాతం. అయితే వాళ్ల లెక్కలో 2,500 మంది ఉంటే పట్టణమే. మనకది ఓ మాదిరి పల్లె! ఆ నవంబరు 2న పిట్స్‌బర్గ్‌లో కేడీకేఏ రేడియో ఎన్నికల ఫలితాలు చదివింది. 1908లో 850 డాలర్లున్న ఫోర్డ్ మోడల్ టీ కారు 20ల మధ్యకి 300 లోపుకి దిగింది. ఆ తపాలాలో పల్లెలకి కేటలాగ్ పంపి సరుకు అమ్మే సియర్స్ కంపెనీ 1924లో షికాగోలో సొంత రేడియో స్టేషనే పెట్టింది.

1931లో ఫ్రెడరిక్ లూయిస్ అలెన్ 'ఓన్లీ ఎస్టర్‌డే' అనే పుస్తకం రాశారు. జాజ్, పొట్టి గౌన్లు, దొంగసారా, షేర్ల పిచ్చి: ఇరవైలంటే ఇవే అని స్థిరపడిపోయింది. దశాబ్దానికో ముఖం గీసే అలవాటుకి ఆ పుస్తకం పెద్ద దన్ను. అలెన్ న్యూయార్క్ పత్రికా సంపాదకుడు, ఆయన కిటికీలోంచి అదే కనబడుతుంది. పత్తి రైతుకి 1920లోనే ధర సగానికి పైగా కూలింది. అతనింట్లో మాంద్యం తొమ్మిదేళ్లు ముందే వచ్చి కూర్చుంది. మన భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారికి జాజ్ యుగమంటే పగలు హార్వర్డ్ చదువు, రాత్రి ఆస్పత్రిలో చిన్న ఉద్యోగం. భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని 1923లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. మరుసటి ఏడు వలస తలుపు ఇంకా బిగించారు.

ఇప్పుడు నా తగాదా. 1920లో అమెరికా పొలాల్లో 39 శాతం ఇళ్లకి ఫోన్ ఉంది. 1930కి 34. 1940కి 25. అదే 1920లో కారున్న పొలాలు 31 శాతం, 1930కి 58. హైదరాబాదులో 1964లో పెట్టిన అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటర్ గ్రంథాలయంలో ఈ అంకెలు చూసిన రోజు నేను భోజనానికి లేవలేదు. ఇంట్లోకి వచ్చిన యంత్రం బయటికి పోవడమా?

'1929 షేర్ల పతనం వల్ల' అన్నారు ఒక వర్గం పెద్దలు. అయ్యా, పతనం అక్టోబరులో, జనాభా లెక్క మరుసటి ఏప్రిల్‌లో. ఆరు నెలల్లో దేశమంతా స్తంభాలు పీకారా? 'పేదరికం' అన్నారు ఇంకొకరు. మరి కారెలా కొన్నారు? ఇదే సభలో ఒక మిత్రుడు 'కారు వాయిదాల మీద కదా' అన్నారు. వాయిదా కూడా కట్టాల్సిందే కదా! సమాజ శాస్త్రవేత్తలు లిండ్ దంపతులు ఇండియానాలోని మన్సీ పట్టణం మీద 1929లో రాసిన పుస్తకం ప్రకారం, నాసిరకం ఇళ్లలో ఉంటూ కారున్న 26 కుటుంబాల్లో 21కి స్నానపు తొట్టే లేదు. ఏది వదులుకోవాలో మనుషులు ఎంచుకుంటారు. నా వాదన ఇది: రైతులు వేసుకున్న తీగలు పాతబడ్డాయి, స్తంభాలు పుచ్చిపోయాయి. వాతావరణమూ సంత ధరలూ రేడియో చెబుతోంది, చుట్టపుచూపు కారు తీరుస్తోంది. చందా కట్టే నాటికి ఫోన్ మీద మనసు తగ్గింది. ఫోన్ మీద ఎక్కువగా బతికినవి ఇల్లాలి కబుర్లు. ఆ చందా ఆపాలని నిర్ణయించింది ఎవరు? దీని మీద నేను మూడు వ్యాసాలు రాశాను, ఆ పెద్దలు నాలుగు ఖండనలు...

అధ్యక్షుల దగ్గర్నుంచి చీటీ వచ్చింది. ఇంకా పది నిమిషాలేనట.

సరే. ముప్పైలు: 1935లో పదింట తొమ్మిది పొలాలకి కరెంటు లేదు, పల్లె విద్యుత్ సంస్థ ఆ ఏడే పుట్టింది. నలభైలు: 1944 చట్టంతో సైనికులకి చదువు, ఇల్లు. నగర శివార్లలో లెవిట్‌టౌన్ ఇళ్లు లేచాయి, నల్లవాళ్లకి మాత్రం అమ్మలేదు. యాభైలు: టీవీ మొదట్లో పదిళ్లలో ఒకదానికీ లేదు, చివరికి దాదాపు తొమ్మిదిళ్లకి ఉంది. అరవైలు: 1964 పౌరహక్కుల చట్టం, 1965 వలస చట్టం. మన డాక్టర్లూ ఇంజినీర్లూ విమానాలెక్కింది ఆ తలుపులోంచే. డెబ్భైలు, ఎనభైలు మీకు తెలిసినవే. 1990 చట్టంతో హెచ్1బీ వీసా, ఆ తర్వాతి కథ ఈ హాల్లో సగం మంది పిల్లలది. ప్రతిదానికీ మాస్టారి ప్రశ్న వేసి చూడండి.

ఆ ప్రశ్న ఆయన నాకూ వేశారు. నా సిద్ధాంత వ్యాసం చదివి, "కారు కొన్న ఇల్లూ, ఫోన్ తీసేసిన ఇల్లూ ఒకటేనా, నాయనా?" అన్నారు. శాతాల్లో ఇల్లు కనబడదు. నా దగ్గర మాట లేదు.

కిందటి వారం మాస్టారి సతీమణి అమ్మగారితో మాట్లాడుతుంటే వాళ్లింటి పాత నల్ల ఫోన్ గుర్తొచ్చింది. ఆ వీధిలో ఆరిళ్లవాళ్లు దరఖాస్తుల్లో పీపీ, అంటే పక్కింటి ఫోన్, అని రాసుకున్న నంబర్ అదే. అమ్మగారు పోపు మాడిపోతున్నా సరే, ప్రహరీ దగ్గరికెళ్లి "మీకు ఫోన్ వచ్చిందీ!" అని కేకేసేవారు. లెక్కల మనిషి వచ్చుంటే ఒక ఇల్లు, ఒక ఫోన్ అని రాసుకుపోయేవాడు. ఆ 39 శాతంలో, ఆ 34 శాతంలో, ఇలాంటి ప్రహరీలు ఎన్ని నేను దాటి వెళ్లిపోయానో.

అధ్యక్షుల వారు లేచారు. సెలవు.