అనవసరముగా వైద్యుని చూచినవారు రుసుము చెల్లింపవలెనా?

వైద్యుని కాలము విలువైనది. దానిని చిల్లర నలతలతో వృథాచేయువారు కొంత రుసుము చెల్లించినచో తక్కినవారికి త్వరగా చికిత్స దొరకునని వాదించువారు పెక్కు దేశములలో ఉన్నారు. తెల్లవారినది మొదలు చీటీ పట్టుకొని ఆస్పత్రి వసారాలో కూర్చున్నవారికి ఈ మాట ఇంపుగానే ఉండును. ప్రక్కవాడు వట్టి జలుబుకు వచ్చినాడని తెలిసినచో మనకును ఒకింత కోపము రాకపోదు. అయినను, ఏ రాక అనవసరమైనదో నిర్ణయించునదెవరు?

రొమ్ములో మంట పుట్టిన మనిషి అది అజీర్ణమో గుండెపోటో ఇంట కూర్చుండి తెలిసికొనలేడు. వైద్యుడు ఇ.సి.జి. తీయించి, భయము లేదని చెప్పిన పిమ్మటనే ఆ రాక అనవసరమని తేలును. పరీక్ష తరువాత పుట్టిన మాటను పట్టుకొని, పరీక్షకు వచ్చినందులకు రోగిని దండించుట ఏమి న్యాయము? రెండు వారములు దాటిన దగ్గునకు కఫపరీక్ష చేయించుకొనుడని క్షయ నివారణశాఖవారు ఊరూరను చాటుచున్నారు. అట్లు వచ్చినవారిలో అనేకులకు క్షయ ఉండదు. వారిని రానీయకున్నచో ఉన్నవారిని కనుగొనుట ఎట్లు?

జర్మనీ దేశమువారు దీనిని చేసి చూచినారు. 2004వ సంవత్సరము మొదలు అచ్చట పెద్దలు మూడు నెలలకొకమారు, వైద్యుని తొలిసారి చూచునపుడు, 10 యూరోలు చెల్లింపవలసి వచ్చినది. సొమ్ము వసూలుచేసి రసీదులు వ్రాయుపని వైద్యశాలలపై పడినది. వైద్యుల కాలము మిగుల్చుటకు పుట్టిన ఏర్పాటు ఇది! 2012 చివర దానిని ఎత్తివేసినారు.

బ్రిటనులో 1948లో జాతీయ ఆరోగ్య సేవ ఉచితముగా ఆరంభమైనది. మూడేండ్లకే కట్టుడు పండ్లకు, కళ్ళజోళ్ళకు రుసుము పెట్టగా, ఆ సేవను నెలకొల్పిన బెవాన్ మంత్రిపదవిని వదలుకొనెను. 1952లో మందులచీటీకి ఒక షిల్లింగు పెట్టినారు. 1965లో తీసివేసి, 1968లో మరల పెట్టినారు. ఇన్ని మార్పులలోను కుటుంబ వైద్యుని చూచుటకు మాత్రము రుసుము రాలేదు. చెప్పిన వేళకు రానివారికి 10 పౌనుల జరిమానా వేయవలెనని 2022లో రిషి సునాక్ ప్రతిపాదించి, ప్రధానియైన పిదప విరమించుకొనెను. వేళ తప్పుట వేరు, భయపడి వచ్చుట వేరు. మొదటిదానికి కొంత మందలింపు తగునేమో గాని, రెండవదానికి తగదని మా తలంపు.

రుసుము వలన రోగుల రాక తగ్గదా అందురేమో. నిస్సందేహముగా తగ్గును. అమెరికాలో 1974 మొదలు 1982 వరకు, వేలమందిని వేర్వేరు బీమా పద్ధతులలో ఉంచి రాండ్ సంస్థవారు పరిశీలించినారు. ఖర్చులో పాలు పంచుకొనవలసినవారు వైద్యమును తక్కువగా వాడుకొనిరి. అయితే మానుకొన్నది నిష్ప్రయోజనమైన చికిత్స మాత్రమే కాదు. ప్రయోజనకరమైన చికిత్సను కూడ ఇంచుమించు అంతే మానుకొనిరి. రక్తపోటుగల పేదలకు ఉచితవైద్యమే మేలు చేసినది. రుసుమునకు జల్లెడవలె పొల్లును గింజను వేరుచేయు శక్తి లేదు.

మన దేశమున భోర్ సంఘమువారు 1946లోనే, చెల్లింపలేని కారణమున ఎవ్వరికిని తగిన వైద్యము దొరకకపోరాదని వ్రాసిరి. దూరపు పల్లెనుండి బిడ్డను చంకనెత్తుకొని జిల్లా ఆస్పత్రికి వచ్చిన కూలిస్త్రీని తలచుకొందము. ఆనాటి కూలి పోయినది, బస్సు చార్జీ అయినది, వరుసలో పూట గడచినది. ఇదంతయు రుసుము కాక మరేమి? ఊరక వచ్చు సరదా ఆమెకు ఉండదు.

గుంపు తగ్గవలెనన్నచో వేరు దారులు లేకపోలేదు. వచ్చినవారిని ముందుగా నర్సు చూచి, వైద్యుని అవసరము ఉన్నవారిని లోపలికి పంపవచ్చును. రక్తపోటు మాత్రలకు మాత్రమే నెలనెలా వచ్చు వృద్ధునికి, వ్యాధి అదుపులో ఉన్నపుడు, రెండు మూడు నెలల మాత్రలు ఒకేసారి ఈయవచ్చును. ఆ వృద్ధుడు రాని దినమున మరొకరికి చోటు దొరకును.