ఠాణాకూ ఒక ప్రమాణం కావాలి
(హిందూపురం, పెనుకొండ, ధర్మవరం సమావేశాలలో చేసిన ప్రసంగ పాఠం)



ధర్మవరం పట్టుచీర కొనేవారు సిల్క్ మార్క్ కోసం చూస్తారు. హిందూపురం మార్కెట్‌లో చింతపండు తూచే కాటాకు తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉండాలి. పెనుకొండ దగ్గర తయారయ్యే కార్ల నమూనాలను గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ఆమోదించాలి. అమ్మేవారి మాట ఒక్కటే చాలదని మనమందరం ఒప్పుకున్నాం. మరి మన స్వేచ్ఛ, గౌరవం ఎవరి చేతిలో ఉన్నాయో ఆ పోలీసు స్టేషన్‌కు బయటివారి పరీక్ష అక్కరలేదా? ఈ ప్రశ్ననే మేము మీ ముందుంచుతున్నాం.

అమెరికాలో 1979లో నాలుగు పోలీసు సంఘాలు కలిసి అక్రెడిటేషన్ సంస్థను నెలకొల్పాయి. అరెస్టు, బలప్రయోగం, శిక్షణ, ఫిర్యాదుల విచారణ వంటి అంశాలపై పోలీసు విభాగం లిఖిత నియమాలు పెట్టుకోవాలి. వాటిని పాటిస్తున్నట్లు బయటి పరిశీలకులకు ఆధారాలు చూపాలి. పరిశీలకులు ప్రజల అభిప్రాయాన్ని కూడా తీసుకుంటారు. ఇచ్చిన గుర్తింపు శాశ్వతం కాదు. గడువు తీరాక మళ్లీ పరీక్షకు నిలవాలి.

మన దేశంలోనూ పలు స్టేషన్లు ఐఎస్ఓ 9001 ధ్రువపత్రం పొందాయి. కేంద్ర హోం శాఖ ఏటా ఉత్తమ స్టేషన్లను ఎంపిక చేస్తున్నది. 2017లో హైదరాబాద్ పంజాగుట్ట స్టేషన్‌కు రెండవ స్థానం లభించింది. ఇవి మంచి అడుగులే. అయితే శుభ్రమైన గది, సర్దిన ఫైళ్లు చూసి ఇచ్చే పత్రంతో మా ఆశ తీరదు. గడప తొక్కిన పేదవాడికి ఏమి జరిగిందన్నదే అసలు పరీక్ష కావాలి.

ఆ పరీక్షకు కావలసిన కొలబద్దలు మన న్యాయవ్యవస్థలోనే ఉన్నాయి. అరెస్టు చేసినప్పుడు పత్రం రాయాలని, బంధువులకు తెలపాలని 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. కాగ్నిజబుల్ నేరం వెల్లడైతే ఎఫ్ఐఆర్ నమోదు తప్పనిసరి అని 2013లో లలితా కుమారి కేసులో చెప్పింది. ప్రతి స్టేషన్‌లో సీసీటీవీలు ఉండాలని 2020లో ఆదేశించింది. 2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం ఎఫ్ఐఆర్ ప్రతిని ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి.

ఈ ప్రమాణాలతో గుర్తింపు వస్తే మేలు ఇరువైపులా ఉంటుంది. పలుకుబడి లేనివారికి నియమమే సిఫారసు అవుతుంది. నిజాయితీగల అధికారికి రాజకీయ ఒత్తిడి నుండి, అబద్ధపు ఆరోపణ నుండి రాతపూర్వకమైన రక్షణ దొరుకుతుంది. ఎస్‌ఐ బదిలీ అయినా పద్ధతి నిలుస్తుంది. ఠాణా పేరు వింటేనే బెదిరే మన తల్లులు, యువకులు ధైర్యంగా లోపలికి వెళ్లగలుగుతారు.

ఏ పత్రమూ దానంతట అదే న్యాయం చేయదని మాకు తెలుసు. కాబట్టి పరిశీలకులు ఫిర్యాదుదారులతో నేరుగా మాట్లాడాలని, వారి నివేదికను ప్రజల ముందుంచాలని జిల్లా పోలీసు యంత్రాంగాన్ని కోరుతున్నాం. మన వంతుగా ప్రతి మొహల్లాలో చదువుకున్న ఇద్దరు ముందుకు రావాలి. ఫిర్యాదు రాయడంలో సాయపడాలి, ఎఫ్ఐఆర్ ప్రతి అడిగి తీసుకోవాలి, తేదీ రాసి ఉంచాలి. స్టేషన్‌లో నమోదుకు నిరాకరిస్తే ఫిర్యాదును రాతపూర్వకంగా ఎస్పీకి పంపే హక్కు చట్టం ఇచ్చింది.

చీరకు, కాటాకు, కారుకు ఉన్న పరీక్ష మనిషి గౌరవానికీ ఉండాలి. మేము అడుగుతున్నది అంతే.