కథకి ఒక్క పూట చాలు



“మా ఇంట్లో జరిగినవన్నీ రాస్తే పెద్ద నవలే అవుతుందమ్మా” అని మనలో అనుకోనివాళ్ళు తక్కువ. కాని ఆ నవల మొదలుపెట్టే తీరిక ఎప్పటికీ దొరకదు. మనసులో మాట మనసులోనే ఉండిపోతుంది. అందుకే ఇవాళ చిన్నకథ సంగతి చెప్పుకుందాం. దానికి జీవితమంతా అక్కర్లేదు, ఒక్క పూట చాలు.

గురజాడవారి ‘దిద్దుబాటు’ 1910లో ‘ఆంధ్రభారతి’ పత్రికలో వచ్చింది. అందులో ఉన్నది ఒక్క రాత్రి, ఒక్క ఇల్లు, ముగ్గురు మనుషులు. పొద్దుపోయి ఇంటికొచ్చిన గోపాలరావు తలుపు దగ్గరే కథ మొదలవుతుంది. అతని పెళ్ళి ఎలా జరిగిందో, కట్నమెంతో మనకి చెప్పరు. ఏది వదిలెయ్యాలో తెలియడమే కథ రాయడంలో సగం పని. అంతకు ఎనిమిదేళ్ళ ముందే, 1902లో, భండారు అచ్చమాంబగారు ‘ధనత్రయోదశి’ రాశారు. కనుక ఇది ఆడవాళ్ళకి కొత్త విద్యేమీ కాదు.

ఒక ఉదాహరణ కల్పించుకుందాం. తెనాలిలో ఉంటున్న ఒకావిడ మేనకోడలి పెళ్ళికని తన గొలుసు అన్నగారికి ఇచ్చింది. రెండేళ్ళయినా తిరిగి రాలేదు. ఇప్పుడు కొడుకు ఫీజు కట్టాలి. అడుగుదామని రేపల్లె బయల్దేరింది.

ఎక్కడ మొదలుపెడదాం? రేపల్లెతో రైలు పట్టాలు అయిపోతాయి. ఇష్టమున్నా లేకపోయినా ఆవిడ దిగి తీరాలి. అక్కడ మొదలుపెట్టండి.

ఎవరి కళ్ళతో చూద్దాం? ఆవిడ కళ్ళతోనే. వదినగారి మనసులో ఏముందో ఆవిడకి తెలీదు, కాబట్టి మనమూ రాయకూడదు. ఆడపడుచుని చూడగానే వదిన మెడ మీదుగా పమిట కప్పుకుంది. అంతవరకే రాయండి. గొలుసు ఎక్కడుందో చదివేవాళ్ళకి తెలిసిపోతుంది.

ఇక మాటలు. మన ఇళ్ళలో డబ్బు సంగతి ఎవరూ సూటిగా ఎత్తరు. “ఏమ్మా, ఉత్తరం ముక్కైనా రాయకుండా వచ్చావు?” అంటుంది వదిన. “ఊరికే, చూసిపోదామని” అంటుంది ఈవిడ. ఆ ‘ఊరికే’లో ఎంత దుఃఖముందో వేరే వివరించకండి.

ముగింపు మీ ఇష్టం. ఆవిడ అడగకుండానే తిరుగు రైలెక్కవచ్చు, గుమ్మం దగ్గర నోరు పెగల్చుకుని అడగనూవచ్చు. కాని వచ్చినప్పటికీ వెళ్ళేటప్పటికీ ఆవిడలో ఏదో ఒకటి మారాలి. చివర నీతివాక్యం మాత్రం తగిలించకండి.

“మావాళ్ళు చదివి గుర్తుపడితే?” అనే భయం మనందరికీ ఉంది. ఊరు మార్చండి. రేపల్లె బదులు బాపట్ల అనుకోండి. కాని బాపట్ల దగ్గర రైలు అయిపోదు, చీరాల మీదుగా చెన్నై వైపు సాగిపోతుంది. దిగకుండా ఇలాగే కూర్చుంటే బాగుండునన్న ఆలోచన ఆవిడకి రావచ్చు. చూశారా, ఊరు మారితే కథలో కొత్త మలుపు దొరికింది! పేరు మార్చండి, వరస మార్చండి. ఆ బాధని మాత్రం మార్చకండి. అది మీది.

తీరిక లేదంటారా? ‘శారద’ అనే కలంపేరుతో కథలూ నవలలూ రాసిన నటరాజన్ తెనాలి హోటళ్ళలో పనిచేసి పొట్టపోసుకున్నారు. మాతృభాష అరవం. తెలుగు ఇక్కడికొచ్చి నేర్చుకున్నారు. 1955లో చిన్నవయసులోనే పోయారు. ఆయన రాసిన ‘మంచీ చెడూ’ నవల గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు.

వంటిల్లు సర్దుకున్నాక ఒక్క పేజీ రాసి చూడండి. మర్నాడు పైకి చదవండి. మీ నోటికి పరాయిగా తోచిన వాక్యం కొట్టెయ్యండి. మిగిలినది మీ కథ.

సెలవు.