కుండనీటి చల్లదనము



వేసవి రాగానే ఇంటింట ఇసుకమీద కొత్తకుండ వెలయును. ఎండనబడి వచ్చినవానికి ఆ నీరు ప్రాణము లేచి వచ్చునట్లు చేయును. ఇత్తడిబిందెలోని నీరట్లు చల్లబడదు. బావి యొకటే, నీరొకటే. భేదము పాత్రలోనే యున్నది.

మట్టికుండ గోడలో కంటికగపడని రంధ్రములు కలవు. వానిగుండ నీరు వెలికి ఊరి, గాలి సోకి ఆవిరియగును. ఆవిరియగుటకు వేడి కావలయును. ఆ వేడి చాలవరకు కుండనుండియు లోని నీటినుండియు పోవును. దీనికి గుప్తోష్ణమని పేరు. 1760 ప్రాంతమున గ్లాస్గో నగరమున జోసెఫ్ బ్లాక్ దీనిని ప్రయోగపూర్వకముగా నిరూపించెను. వేసవిలో ఒక్క గ్రాము నీరు ఆవిరియై పోవుచు సుమారు 580 కెలోరీలు గొనిపోవును. బయటి వేడి చేరకున్నచో, 58 గ్రాముల నీటిని 10 డిగ్రీలు చల్లార్చుటకు అది చాలును.

అయితే బయటి గాలినుండి కుండకు వేడి వచ్చుచునే యుండును. రాకయు పోకయు సమమైనచోట చల్లదనము నిలిచిపోవును. గాలి పొడిగానున్నచో ఆవిరిని వేగముగా గ్రహించును. తేమతో నిండినచో గ్రహింపజాలదు. కనుకనే అనంతపురపు పొడిగాలిలో చల్లబడినంతగా, సముద్రతీరపు ఉక్కపోతలో కుండనీరు చల్లబడదు.

మానవదేహమును ఇట్టి కుండయే. చెమట కారిన చాలదు, ఆరవలయును. తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకము 35 డిగ్రీలు చూపు గాలిలో, నీడనున్న ఆరోగ్యవంతుడు సైతము కొన్ని గంటలకుమించి తాళజాలడని 2010లో షెర్‌వుడ్, హ్యూబర్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అంతకు తక్కువలోనే దేహము ఓడునని తరువాతి ప్రయోగములు తెలిపినవి. 2015 మే నెలలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో వేయిమందికి పైగా మరణించిరి. ఎండలో పనిచేయు కూలీలును, వృద్ధులును వారిలో పెక్కుమంది.

కావున ఎండ తీవ్రతను మాత్రమేగాక ఉక్కను గూడ గమనింపవలయును. అట్టి దినములందు మధ్యాహ్నపువేళ కూలీలకు నీడయు, నీరును, విశ్రాంతియు నొసగుట యజమానులకు ధర్మము. వడదెబ్బ తగిలినవానిని నీడకు చేర్చి, ఒడలు తడిపి, విసరవలయును. తడిపి యూరకున్నచో చాలదు. విసరినపుడే తడి ఆరి వేడిని గొనిపోవును. అట్లు విసరుచునే జాగుసేయక వైద్యశాలకు చేర్పవలయును. కుండ నేర్పు ఈ చిన్నపాఠము ఒక ప్రాణమును నిలుపగలదు.