వసంతకాలపు వాతావరణము – అడవియంచు రైతులు తీసికొనవలసిన జాగ్రత్తలు

(ఖమ్మము, భద్రాచలము ప్రాంతముల రైతులకై చేసిన ప్రసంగపాఠము)



ఫాల్గుణము మొదలు వైశాఖము ముగియువరకు ఖమ్మమునుండి భద్రాచలము, చర్లవరకు గల అడవియంచు ప్రాంతమున వాతావరణ మెట్లుండునో, వాతావరణశాఖవారి సూచనలను మన మెట్లు గ్రహించి వినియోగించుకొనవలెనో తమకు విన్నవింపదలచితిని. ఈ కాలమున మన పంటలో చాలభాగము చేను విడిచి కళ్ళమునకు వచ్చియుండును. మిరపకాయ ఆరుచుండును. మొక్కజొన్న కండెలు కుప్పలుగా నుండును. యాసంగి వరి గింజ ముదురుచుండును. మామిడి పిందె కాయ యగుచుండును. సంవత్సరపు రాబడి యంతయు ఆరుబయట పడియుండు దినము లివియే. ఒక్క సాయంకాలపు మబ్బు ఒక సంవత్సరపు శ్రమను పోగొట్టగలదు.

దీనికి దృష్టాంతము దూరమున వెదుక బనిలేదు. 2023 మార్చి నెలలో కురిసిన వడగండ్ల వానలవలన తెలంగాణమున సుమారు 2 లక్షల 28 వేల ఎకరముల పైరు నష్టమైనట్లు ప్రభుత్వము ప్రకటించెను. అందు మొక్కజొన్నయే 1 లక్ష 29 వేల ఎకరములు, వరి 72 వేల ఎకరములు. ఆ నెల 23వ తేదీన నాటి ముఖ్యమంత్రి శ్రీ కల్వకుంట్ల చంద్రశేఖరరావుగారు మన జిల్లాలోని బోనకల్లు మండలపు చేలను చూచి, ఎకరమునకు 10 వేల రూపాయల సహాయమును ప్రకటించిరి. ఎకరమునకు పెట్టిన పెట్టుబడిలో ఆ సొమ్ము ఎన్నవ వంతో తమకే తెలియును. పోయిన పిదప వచ్చు సహాయముకంటె పోకుండ చూచుకొను ఉపాయము మేలు.

ఎండ సంగతి

మన నేల మిక్కిలి పల్లము. హైదరాబాదు సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైగా ఎత్తున నుండగా, భద్రాచలము సుమారు 50 మీటర్ల ఎత్తున మాత్రమే యున్నది. పొడిగాలి ఎత్తునుండి పల్లమునకు దిగునపుడు నూరు మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున వేడెక్కును. దీనికితోడు టేకు మొదలగు చెట్లు ఆకు రాల్చుటచే ఈ కాలమున అడవినేలకును నీడ యుండదు. 2015 మే 24వ తేదీన ఖమ్మమున 48 డిగ్రీల వేడి నమోదైనది. ఆ నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణములు రెంటిలో కలిసి వడగాడ్పులకు రెండువేలమందికి పైగా మరణించిరి.

మైదానములలో వేడి 40 డిగ్రీలు చేరి, మామూలుకంటె నాలుగున్నర డిగ్రీలు హెచ్చినపుడు గాని, ఎట్లైనను 45 డిగ్రీలు చేరినపుడు గాని వాతావరణశాఖవారు వడగాడ్పుగా పరిగణింతురు. అశ్వినీకార్తె ఏప్రిల్ నడుమను, రోహిణీకార్తె మే నెల 25వ తేదీ ప్రాంతమునను ప్రవేశించును. ఈ రెంటి నడుమ గల దినములే మనకు మిక్కిలి కఠినమైనవి.

గాలివానకు కారణము

వేసవిలో దక్కను భూమిమీద ఉత్తరమునుండి దక్షిణమునకు ఒక అల్పపీడనపు ద్రోణి తరచుగా ఏర్పడును. దానికి తూర్పున బంగాళాఖాతపు తేమగాలియు, పడమట పొడిగాలియు వీచుచుండును. ఈ రెండును కలియుచోట మధ్యాహ్నపు ఎండకు వేడెక్కిన గాలి పైకెగసి, గోపురములవంటి మబ్బులగును. ఆ మబ్బులు పది కిలోమీటర్లకు మించిన ఎత్తువరకు పెరుగును. అచ్చటి చలికి నీరు గడ్డకట్టి వడగండ్లుగా రాలును.

కావున ఎండ తీవ్రముగా నున్నది గనుక వాన రాదని తలచుట సరికాదు. ఎండ తీవ్రముగా నుండి, ఆగ్నేయపు గాలి తగిలి, ఒళ్ళు ఉక్కపోసిన దినమే అనుమానింపదగిన దినము. మబ్బు చాలసార్లు పడమటినుండి గాని వాయవ్యమునుండి గాని వచ్చును. ముందు దుమ్ముతో కూడిన చల్లని ఈదురుగాలి కొట్టును. ఆ గాలి తగిలిన పిదప వానకు ఒక ఘడియ వ్యవధియైన నుండదు. అప్పుడు పట్టాలకై ఊరిలోనికి పరుగెత్తిన ప్రయోజనము లేదు.

సూచనలలోని మాటల అర్థము

“వాన పడునని చెప్పిరి, మా ఊర పడలేదు, వారి మాట నమ్మరాదు” అని కొందరందురు. వాతావరణశాఖవారి మాటలకు లెక్క కలదు. “ఒకటి రెండు చోట్ల” అనిన, ఆ ప్రాంతపు కొలత కేంద్రములలో నాలుగవ వంతునకు మించకుండ అని అర్థము. “కొన్నిచోట్ల” అనిన సగమువరకు, “అనేకచోట్ల” అనిన ముప్పాతికవరకు, “చాలచోట్ల” అనిన అంతకు మించి అని గ్రహింపవలెను. వడగండ్లు సన్నని పట్టీగా పడును. ఒక ఊరి పొలము నేలమట్టము కాగా పొరుగూరి పొలమున చినుకైన పడకపోవచ్చును. మన ఊర పడనంతమాత్రమున సూచన తప్పు కాదు.

రంగుల సంగతియు నిట్టిదే. పసుపు రంగు కనిపెట్టియుండుమని, నారింజ రంగు సిద్ధముగా నుండుమని, ఎరుపు రంగు వెంటనే పని చేయుమని చెప్పును.

ఏ సూచనకు ఏ పని

ఉగాదినాడు పంచాంగశ్రవణము చేసి సంవత్సరఫలము వినుట మన పెద్దలనాటి ఆచారము. అది సంవత్సరమునకు చెప్పినది. నేటి సాయంకాలము కళ్ళము కప్పవలెనా యను ప్రశ్నకు అందు జవాబుండదు. ఫిబ్రవరి నెలాఖరున వాతావరణశాఖవారు ప్రకటించు మూడునెలల అంచనాయు నట్టిదే. ఎండలు మామూలుకంటె హెచ్చగునా తగ్గునా యని అది చెప్పును. దానినిబట్టి పట్టాలు కొనుట, బావినీటిని పొదుపు చేయుట, తోటకు తడుల ఏర్పాటు చూచుకొనుట మొదలగు పనులు చేయవచ్చును.

మంగళ, శుక్రవారములందు జిల్లావారీగా వెలువడు ఐదుదినముల సూచన కోతకు, కాయ ఏరుటకు, మందు చల్లుటకు తగినది. కొన్ని గంటలు ముందుగా వచ్చు ఉరుముల హెచ్చరిక కళ్ళము కప్పుటకు తగినది. 2019లో ఆరంభమైన మేఘదూత్ అను ఫోను సాధనమున ఈ సూచనలు తెలుగుననే లభించును. ప్రతి ఇంట ఒక చదువుకొన్న పిల్లవాడు ఉదయము, మధ్యాహ్నము వానిని చూచి ఇంటి పెద్దకు చెప్పు ఏర్పాటు చేసికొనుడు.

ఇచ్చట ఒక లెక్క చూడుడు. కళ్ళము కప్పుటకు నలుగురు మనుష్యులకు అరగంట పని. కప్పక వాన పడినచో పోవునది సంవత్సరపు పంట. పదిసార్లు కప్పి తొమ్మిదిసార్లు వాన రాకపోయినను మీరు నష్టపడినది కొన్ని గంటల కూలి మాత్రమే. పదియవసారి ఆ కూలి అంతయు తిరిగి వచ్చును. సూచన ప్రతిసారియు నిజము కానక్కరలేదు. దానిననుసరించుటకగు ఖర్చు స్వల్పము గనుక అనుసరించుటయే లాభము.

కళ్ళము

ఖమ్మము మార్కెట్టు తేజ రకపు మిరపకు పేరుపొందినది. అచ్చట ధర రంగును, ఆరుదలను బట్టి నిర్ణయమగును. ఆరుచున్న కాయ తడిసిన రంగు చెడి తాలుకాయ యగును. బూజు పట్టిన అఫ్లాటాక్సిను అను విషము చేరి ఎగుమతికి పనికిరాకపోవును. కావున పల్లపునేలను విడిచి, మెరకగా నున్నచోట చుట్టును నీరుపోవు కాలువ తీసి కళ్ళము వేయుడు. సాధ్యమైనచో సిమెంటు గచ్చు మేలు. సాయంకాలము కాయను కుప్పచేసి పట్టా కప్పుడు. మంచునుండియు వాననుండియు అదియే రక్షణ. తేమ నూటికి పదికొండు పాళ్ళకు తగ్గినగాని బస్తాలకెత్తరాదు. పట్టాలను కళ్ళముననే మడిచి యుంచుడు. అంచులకు బరువుగా పెట్టు రాళ్ళనుగూడ ముందుగనే చేర్చుడు.

చేను, తోట

కోతకు వచ్చిన వరిని “మరి రెండు దినము”లని నిలుపరాదు. కంకిలో గింజలు నూటికి ఎనుబదియైదు పండినచో కోయవచ్చును. పంట చేనిలోనో పనలమీదనో తడిసి మొలకెత్తు భయమున్నచో, లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కంకులమీద చల్లినచో మొలక తగ్గును. మామిడిలో ముదిరిన కాయను గాలివానకు ముందే దింపుడు. సూచనలో వానయున్న దినమున మందు చల్లుట సొమ్ము నీటిపాలు చేయుటయే.

మొక్కజొన్న చొప్ప, పత్తికట్టె మొదలగువానిని అడవియంచున తగులబెట్టవద్దు. ఎండుటాకులు నిండిన అడవికి వేడిగాలిలో ఒక్క రవ్వ చాలును. చొప్పను పశువులకు దాచుట, మిగిలినదానిని నేలలో కలియదున్నుట మేలు.

పనివారు

మిరప ఏరుటకు కోయ గూడెములనుండియు, పొరుగు రాష్ట్రమగు ఛత్తీస్‌గఢ్‌నుండియు కూలీలు వత్తురు. వేసవి నడుమ తునికాకు కోత వచ్చినచో వారిలో పలువురు అడవికి పోవుదురు. కావున కాయ ఏరుటను అంతకుముందే ముగించునట్లు చూచుకొనవలెను. వడగాడ్పు దినములలో తెల్లవారుజామున పని మొదలిడి పదునొకండు గంటలకు ఆపుడు. నీడకు పందిరి, త్రాగుటకు నీరు, మజ్జిగ ఏర్పాటు చేయుట భూమిగలవాని బాధ్యత. వారు మన ఎండలో మన పంటకై నిలిచియున్నారు.

మెరుపు కనబడిన తరువాత ముప్పది అంకెలు లెక్కించులోపల ఉరుము వినబడినచో పిడుగు సమీపమున నున్నట్లు గ్రహింపవలెను. అప్పుడు తాటిచెట్టుక్రిందికి గాని ఒంటిచెట్టుక్రిందికి గాని పోరాదు. పక్కా ఇంటిలోనికి పోవలెను. చివరి ఉరుము వినబడిన పిదప అరగంటవరకు బయటికి రారాదు. చేని నడుమ చిక్కుకొన్నవారు గుంపుగా నిలువక, దూరదూరముగా కూర్చుండి తల వంచుకొనవలెను. కళ్ళము కప్పు పనియు ఉరుము దూరమున నున్నపుడే ముగియవలెను. పంటకొరకు ప్రాణమును పణముగా పెట్టరాదు.

తొలకరి

వేసవివాన కీడే కాదు. ఒక మంచి జల్లు పడినపుడు వాలునకు అడ్డముగా దున్నినచో తేమ నిలుచును. నేలలోని పురుగుల కోశములు పైకి వచ్చి ఎండకు చచ్చును. అయితే రోహిణిలో పడిన ఒక వానను చూచి పత్తి విత్తుట ఈ ప్రాంతపు రైతులకు పలుమారు నష్టము తెచ్చినది. నైరృతి ఋతుపవనములు సామాన్యముగా జూన్ రెండవ వారమున, అనగా మృగశిరకార్తెలో, మన నేలను చేరును. 60 మొదలు 75 మిల్లీమీటర్లవరకు, అనగా సుమారు రెండున్నర మొదలు మూడంగుళములవరకు వాన పడి, నేల లోతుగా తడిసినగాని గింజ వేయవద్దు. ముందు విత్తి మొలక మాడినచో రెండవసారి విత్తనములు కొనవలెను. ఆ సొమ్ము అప్పుగానే వచ్చును.

ఇవి యన్నియు తమకు తెలియని పనులు కావు. సమయమున చేయుటయే కష్టము. ఈ ప్రసంగము విన్న ప్రతి రైతును ఇంటికి పోగానే తన పట్టాలను విప్పి, చిరుగులెన్ని యున్నవో చూచి కుట్టించుకొనవలెనని కోరుచున్నాను.