చెవి నేర్చిన పిదప కన్ను నేర్చును

పంచాయతీ సభ్యులారా!

చార్మినారునకు చేరువనున్న మొఘల్‌పురా మాటతో మేమీ ప్రసంగము నారంభించుటకు కారణము కలదు. హైదరాబాదు పాతబస్తీలోని ఆ పేటలో పెక్కు ఇండ్ల వాడుక భాష ఉర్దూ. 2018వ సంవత్సరపు తెలంగాణ శాసనము బడులన్నిటను తెలుగును తప్పనిసరి చేసినది. కావున అచటి చిన్నారులనేకులు ఇంట వినని భాషను బడిలో చదువ నేర్వవలెను. మన తండాలలోని లంబాడా బిడ్డలు, గూడెములలోని కోయ, గోండు బిడ్డలు సైతము ఇట్టివారే.

'మెడ', 'మేడ' అను మాటలలో మారినది ఒక్క అచ్చు. 'కల', 'కళ' అనువానిలో ఒక్క హల్లు. ఉర్దూలో ఎ, ఏల హ్రస్వదీర్ఘములచే అర్థము మారదు; ళకారము లేదు. ఉర్దూ వ్రాతలో హ్రస్వస్వరములను సాధారణముగ గుర్తింపరు; తెలుగున ప్రతి అచ్చునకును గుర్తు కలదు. చెవికి పట్టని భేదమును పలకపై చూపినచో బిడ్డ తడబడును. మనము వానిని మొద్దు అందుము. ఆ మాట పడిన బిడ్డ బడికి దూరమగును.

పలికిన మాటలోని ధ్వనులను వేరుపరచి గుర్తించు నేర్పు చదువునకు పునాది. దానిని బోధించుటచే పిల్లల పఠనము మెరుగగునని అమెరికాలోని జాతీయ పఠన మండలి 2000వ సంవత్సరమున తన నివేదికలో తెల్పినది. ఆ పరిశీలన ముఖ్యముగ ఆంగ్లమునకు సంబంధించినది. తెలుగున ఒక్క అక్షరమే హల్లును, అచ్చును కలిపి చూపును. కనుక మొదట 'అ-ర-టి' యని అక్షరమున కొక చప్పట్టు కొట్టింపవలెను. పిదప క, కి, కులలో నిలిచినదేది, మారినదేది యని అడుగవలెను. గుణింతమును వల్లె వేయించుట మాత్రమే చాలదు. అందలి ధ్వనిని చెవికి పట్టింపవలెను.

దీనికి ధనము అక్కరలేదు. ప్రాథమిక విద్య, శిశు సంక్షేమము పంచాయతీల కప్పగింపదగిన విషయములని 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పేర్కొన్నది. కావున మీరు అంగన్‌వాడీకి, బడికి వెళ్లి, దినమునకు పది నిమిషములు మాటల ఆటలు సాగుచున్నవేమో విచారింపుడు. పాటలు, పొడుపుకథలు వచ్చిన అవ్వలను అచటికి పిలిపింపుడు. ఎంత చెప్పినను భేదము పట్టలేని బిడ్డకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో చెవులు చూపింపుడు.

బిడ్డకు చదువు రాలేదని ఎవరైన చెప్పినపుడు, వాని చెవికి ఏ ధ్వని అందలేదో ముందు కనుగొందము.